మామూలు అన్న మాటకు నేను పెట్టిన అర్థం

మడివాళ మార్కెట్లో మా అక్కకు ఒక చోటు ఉండేది. అంగడి కాదు, బండి కూడా కాదు. తాళాలు బాగుచేసే ఆయన పెట్టెకూ మందుల షాపు మెట్లకూ నడుమ రెండు గోనెసంచులు పరుచుకునేంత నేల. ఆకుకూర కట్టలు, అక్కడివాళ్ళ మాటలో సొప్పు, లారీ దగ్గర దింపుకుని, నీళ్ళు చిలకరించి, పొద్దున ఒక విడత, సాయంత్రం ఆఫీసులు వదిలాక ఒక విడత అమ్మేది. చుట్టుపక్కల పేయింగ్ గెస్ట్ ఇళ్ళలో వంటలు చేసేవాళ్ళు రోజూ వచ్చి సంచులు నింపుకుని పోయేవాళ్ళు. మా బావ సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి నడుము పోగొట్టుకున్నప్పటి నుంచి ఆ ఇంటికి తిండి ఆ నేల మీద నుంచే వచ్చేది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇకమీద నేను ప్రమాణాలు, తనిఖీలు, పత్రాలు అని ఎన్ని మాట్లాడినా చివరికి పోయింది ఆ నేలే.

నేను చిక్కపేటలో ఒక టోకు చీరల కొట్లో పనిచేస్తాను. చీర విప్పి చూపించడం, మళ్ళీ పాత మడత మీదే పెట్టడం నా పని. బడి పదో తరగతితో ఆగింది. చదవడం ఆగలేదు. కన్నడం బస్సు బోర్డుల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు పక్కన నిఘంటువు పెట్టుకుని పత్రికల్లో నేర్చుకున్నాను. కొట్టు లేని ఆదివారాలన్నీ గ్రంథాలయంలోనే గడిచాయి. చరిత్ర, రాజ్యాంగం, ఆరోగ్యం, చట్టాలు, ఏది దొరికితే అది. ఒక పుస్తకం అర్థం కాకపోతే మూడుసార్లు చదువుతాను. మూడోసారికి అర్థమైతే, కాలేజీకి పోయినవాళ్ళ కంటే నాకే బాగా అర్థమైందని మనసులో అనుకుంటాను. ఆ గర్వం లేకపోయి ఉంటే మా అక్క ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉండేది.

ఒక ఆదివారం గ్రంథాలయం చూసుకునే ఆమె నన్ను పిలిచి, మా వైపు వార్డు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చిందని చెప్పింది. ఆ ఆఫీసు లంచాల నివారణకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి పాటించబోతోంది. అందుకు వేసే కమిటీలో ప్రజల తరఫున ఇద్దరు కావాలి. "మీరు చదువుతారు కదా, మీ పేరు ఇచ్చేశాను" అంది. ఆ రోజు నేను ఇంటికి బస్సులో కాక నడిచి వెళ్ళాను. సంతోషం ఎక్కువైతే నాకు నడవాలనిపిస్తుంది.

ఆ ప్రమాణం గురించి దొరికినంతా చదివాను. ప్రపంచ దేశాలు కూడి అవినీతికి వ్యతిరేకంగా ఒక ఒప్పందం రాసుకున్నాయని, దాన్ని మన దేశం కూడా ఒప్పుకుందని అప్పుడే తెలిసింది. ప్రమాణం అన్నది వేరు. లంచం తీసుకున్నవాణ్ని పట్టుకోవడం దాని పని కాదు. లంచం పుట్టే సందులు ముందే వెతికి మూయడం దాని పని. ఏ బల్ల దగ్గర, ఏ సంతకం దగ్గర డబ్బు అడిగే వీలుందో రాసుకోవాలి. పై అధికారి తనే ముందు మాట ఇవ్వాలి. ఎవరు ఏ కానుక తీసుకున్నా పుస్తకంలో ఎక్కించాలి. ఫిర్యాదు చేసినవాడికి కీడు జరగకుండా కాపాడాలి. బయటి సంస్థ వాళ్ళు ఏడాదికోసారి వచ్చి ఇదంతా చూసి పత్రం ఇవ్వాలి. పని త్వరగా అయ్యేందుకు ఇచ్చే చిన్న డబ్బు కూడా లంచమే అని ఆ ప్రమాణం స్పష్టంగా లెక్కిస్తుందని చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది. ఎక్కడో దూరదేశంలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు మా మార్కెట్ వీధి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

కమిటీలో నాకు కుర్చీ ఇచ్చారు, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. అధికారి యాభై దాటిన మనిషి, కోలారు వైపు వాడు. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవాడు. నేను రెండోసారి ప్రశ్న అడిగేసరికి నాకు మేష్ట్రు అని పేరు పెట్టాడు. పంతులు అని. అందులో గౌరవం ఎంతో ఎగతాళి ఎంతో అప్పుడు తూచుకోలేదు.

అక్కడ నాకు అప్పగించిన మొదటి పని ఒక అనువాదం. ఆఫీసులో పని చేయించుకున్న ప్రతి మనిషీ నింపాల్సిన చిన్న ఫారం అది. పైన పేరు, తర్వాత సేవ ఎలా ఉంది అని ప్రశ్న. కింద మూడు గళ్ళు. ఒకటి బాగుందని, ఒకటి బాగాలేదని, మధ్యది రెండూ కాని రకం. మా వార్డులో తెలుగువాళ్ళు ఎక్కువ, కాబట్టి ఫారం తెలుగులోనూ కావాలి. మొదటిదీ చివరిదీ రాయడానికి నిమిషం పట్టలేదు. మధ్యదానికి మూడు రోజులు పట్టింది. కన్నడ ఫారం రాసినాయన సాధారణ అని పెట్టి ఊరుకున్నాడు. నాకు అది పుస్తకాల మాట అనిపించింది. కూరలమ్మే వాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు సాధారణం అంటారా? సగటు అంటారా? వాళ్ళ నోట్లో ఉండే మాటే కాగితం మీద ఉండాలని పట్టుబట్టి, పెద్ద నిఘంటువు తిరగేసి, ఆచారంగా జరిగేది, అలవాటైనది అన్న అర్థం చూసి, మామూలు అని రాశాను. అరబ్బీ దేశం నుంచి పారశీకం మీదుగా మన దాకా వచ్చిన మాట అని కమిటీలో వివరించాను కూడా. అధికారి నా వైపు చాలాసేపు చూశాడు.

"భలే మాట పట్టినారు మేష్ట్రే. ఇదే ఉండనీ" అన్నాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మెచ్చుకోలు నవ్వే అనుకున్నాను.

ఆ నెలలోనే మార్కెట్ వీధిలో కాలిబాట తవ్వి కొత్తగా వేయడం మొదలైంది. పని అయ్యాక నేల మీద తెల్లరంగుతో చదరాలు గీస్తారని, వీధి వ్యాపారి కార్డు ఉన్నవాళ్ళకే చదరం అని చెప్పారు. కార్డుకు దరఖాస్తు వార్డు ఆఫీసులో ఇవ్వాలి. ఆఫీసు గేటు ఎదురుగా జెరాక్స్ అంగడి ఒకటుంది. ఫారాలు అక్కడే దొరుకుతాయి, అక్కడే నింపుతారు. లోపలికి పోవలసినదేదైనా పోయేది కూడా ఆ అంగడాయన చేతి మీదుగానే. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. కమిటీలో మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ అంగడి ఆఫీసు ఆవరణలో లేదు కదా.

అక్క ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"అందరూ ఇచ్చేస్తాండారప్పా. పూలమ్మే ఆమె కూడా ఇచ్చేసింది. నేనూ ఇచ్చేస్తా. నీకో మాట చెప్పి పోదామని వచ్చినా" అంది.

"ఇవ్వద్దక్కా. ఇప్పుడు ఆ ఆఫీసుకు ఇంటర్నేషనల్ స్టాండర్డ్ వచ్చింది."

"అంటే?"

"అంటే అన్ని దేశాలకూ ఒకటే పద్ధతి. తీసుకుంటే వాళ్ళ సర్టిఫికెట్టే పోతుంది."

"అన్ని దేశాల్లోనూ సొప్పు అమ్మేవాళ్ళకు కార్డులిస్తాండారా?"

"సొప్పు సంగతి కాదక్కా..."

"మరి నాకు కావాల్సింది సొప్పు సంగతే కదరా."

నవ్వింది. నేను నవ్వకుండా ప్రమాణం గురించి మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. సందులు, సంతకాలు, కానుకల పుస్తకం, బయటివాళ్ళ తనిఖీ. ఆమె ఒక్క ముక్క కూడా వినలేదని నాకు ఇప్పుడు తెలుసు. ఆమె నా ముఖం చూస్తూ కూర్చుంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నాకోసం బడి మానింది. నేను పుస్తకం పట్టుకుని కూర్చుంటే పక్కింటివాళ్ళను గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. తమ్ముడు కుర్చీలో కూర్చునే మనిషి అయ్యాడని అంతకు ముందే మార్కెట్లో పదిమందికి చెప్పుకుంది.

"సరే. నువ్వు చదివినోడివి. నువ్వు వద్దంటే వద్దు" అని లేచింది.

దరఖాస్తు నేనే తెల్లకాగితం మీద మూడు భాషల్లో రాసి, జెరాక్స్ అంగడి వైపు చూడకుండా, నేరుగా బల్ల దగ్గర ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్నాను. ముద్ర ఎంత స్పష్టంగా పడిందో అక్కకు చూపించాను.

దరఖాస్తు ఇచ్చినవాళ్ళందరినీ ఒక రోజు పిలిచి నా ఫారం నింపించారు. బయటివాళ్ళ తనిఖీ కూడా అయిపోయాక ఎప్పుడో అక్క చెప్పింది, ఆ రోజు వరుసలో ఏం జరిగిందో. పూలమ్మే ఆమెకు కాస్త చదువొచ్చు. ఫారం పైకెత్తి చదివి, నోరు తెరిచిందట.

"చూస్తిరా, కాగితం మీదే అడుగుతాండారు! మామూలు అని అచ్చేసినారు."

"అంటే ఏం చేయాలక్కా?" అని వెనకున్నవాళ్ళు.

"ఇచ్చినోళ్ళు దాని మీద గీత పెట్టాల. ఇచ్చినట్టు గుర్తు. లేదంటే రేపు మళ్ళీ అడగరూ?"

తెలుగు ఫారం చేతిలో ఉన్నవాళ్ళంతా వరుసగా మధ్య గడిలో గీత పెట్టారు. కొందరు చెరిగిపోకుండా రెండుసార్లు దిద్దారు. మా అక్క ఒక్కతే ఆలోచనలో పడింది. తాను ఇవ్వలేదు. ఇవ్వనిది ఇచ్చినట్టు గీత పెడితే అబద్ధం. బాగాలేదు అంటే వాళ్ళకు కోపం. అందుకని బాగుంది అన్నచోట గీత పెట్టి వచ్చింది.

కార్డులు వచ్చాయి. పూలమ్మే ఆమెకు, తాళాలాయనకు, చివరికి పోయిన ఏడాది వచ్చి కూర్చున్న నిమ్మకాయలవాడికి కూడా. అక్కకు రాలేదు. అడిగితే పరిశీలనలో ఉందన్నారు. నెల తర్వాత అడిగినా అదే మాట. ఈలోపు కాలిబాట రాళ్ళు పరచడం అయిపోయింది.

నేను ప్రమాణాన్ని నమ్మినవాణ్ని. ప్రమాణంలో ఫిర్యాదుకు దారి ఉంది. ఫిర్యాదుదారు పేరు ఎవరికీ తెలియనివ్వబోమని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, కవరు అంటించి, తాళం ఉన్న పెట్టెలో వేశాను. మర్నాడు గేటు దగ్గర జెరాక్స్ అంగడాయన పలకరించాడు.

"అన్నా, కంప్లైంట్ బో బాగా రాసినారంట కదా. లోపల అందరూ చదివినారు. మీ చేతిరాత ముత్యాలంట."

పెద్ద తనిఖీకి బయటి సంస్థ నుంచి ఒకామె వచ్చింది. ఉత్తరాది మనిషి. వయసు చిన్నదే కానీ పనిలో శ్రద్ధ ఉంది. ప్రతి పుస్తకం పేజీ పేజీ తిప్పింది. కానుకల పుస్తకంలో మొదలుపెట్టినప్పటి నుంచీ ఒక గోడ క్యాలెండరు మాత్రమే ఎక్కించి ఉంది. దాన్ని కూడా రాసుకుంది. తర్వాత ఫారాల కట్ట తీసింది. కమిటీ అంతా బల్ల చుట్టూ కూర్చున్నాం. తెలుగు ఫారాలు ఒక్కొక్కటి తిప్పుతూ, ఎక్కువ గీతలు ఒకేచోట ఉన్నాయేమిటని అడిగింది. అధికారి ఆ మాట చదివి వినిపించాడు.

"ఓ, మామూలీ" అందామె. వాళ్ళ హిందీలో ఆ మాటకు ఒకటే అర్థం. పెద్ద విశేషమేమీ లేనిది అని. "సాధారణంగా ఉందన్నమాట. బాగాలేదని ఒక్కరూ అనలేదు. మంచిదే."

అప్పటి వరకూ నాకు తట్టలేదు. అబద్ధం ఎందుకు, నిజంగానే తట్టలేదు. చిన్నప్పటి నుంచీ ఆ మాటను రెండు అర్థాల్లోనూ వాడుతున్నవాణ్ని. పోలీసు మామూలు, మార్కెట్ మామూలు అని రోజూ వినేవాణ్ని. కాగితం ముందు కూర్చునేసరికి నిఘంటువులో ఉన్న అర్థమే నిజమైందనిపించింది. నిఘంటువు నాకు దొరికిన ఒకే ఒక్క గురువు. గురువు చెప్పని అర్థం ఉండదనుకున్నాను. ఆ ఒక్క క్షణంలో ఆ వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా నాకు కనిపించారు. వాళ్ళు రెండుసార్లు దిద్దిన గీతలు కనిపించాయి. అవి సాక్ష్యాలు. ఏ ఫిర్యాదు పెట్టెలోనూ దొరకనంత సాక్ష్యం, వాళ్ళ చేతులతో వాళ్ళు పెట్టింది, బల్ల మీద కట్టగా ఉంది.

నేను లేచి నిలబడ్డాను. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్, మా దగ్గర ఈ మాటకు లంచం అని అర్థం. వీళ్ళంతా లంచం ఇచ్చామని చెబుతున్నారు.

ఆమె పెన్ను కింద పెట్టింది. "అనువాదం చేసింది ఎవరు?"

"మేష్ట్రే" అన్నాడు అధికారి మెత్తగా.

"మీరు రాసినప్పుడు లంచం అనే అర్థంతో రాశారా?"

"లేదు మేడమ్."

"మరి సాధారణం అనే కదా?"

"రాసినప్పుడు అదే. వాళ్ళు గీత పెట్టినప్పుడు అది కాదు."

"ఒకే మాట. రాసినవారు ఒకటి అంటారు, గీత పెట్టినవారు ఇంకొకటి అంటారని మీరంటున్నారు. నేను ఏది రాసుకోవాలి?"

"వాళ్ళనే అడగండి."

ఆమె న్యాయమైన మనిషి. నిజంగానే అడుగుతానంది. మార్కెట్ దగ్గరే కాబట్టి ముగ్గురిని పిలిపించారు. అందులో పూలమ్మే ఆమె ఒకతె. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏసీ గదిలో గోడకు ఆనుకుని నిలబడింది. కార్డు మెడలోనే ఉంది. నేను అడిగాను, అధికారి వింటున్నాడు.

"కార్డు కోసం ఎవరికైనా డబ్బులిచ్చినారామ్మా?"

"లేదు సామీ. ఎవరికీ ఏమీ ఇయ్యలేదు."

"మరి ఇక్కడ గీత ఏంటికి పెట్టినావు?"

ఆమె ఒకసారి అధికారి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అంత జాలిగా నన్ను ఎవరూ చూడలేదు.

"అంతా మామూలుగానే ఉండాది గదప్పా, అందుకే పెట్టినా" అంది.

మిగతా ఇద్దరూ తలూపారు. నేను ఆ మాటను మేడమ్ కోసం ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాల్సి వచ్చింది. నా నోటితోనే చెప్పాను. పూలమ్మే ఆమె మీద ఆ రోజూ నాకు కోపం రాలేదు. ఆమె చదరం ఆమె మెడలో వేలాడుతోంది. నేనైతే ఏం చెప్పేవాణ్ని?

తర్వాత అధికారి తన దగ్గరున్న కాగితాల్లోంచి ఒక ఫారం తీసి మేడమ్ ముందుంచాడు. మా అక్కది. "ఫిర్యాదు ఈమె గురించే. ఈమె స్వయంగా బాగుంది అని రాసింది మేడమ్" అన్నాడు. గొంతులో గెలిచిన ధ్వని కూడా లేదు. రోజువారీ పని చేసే గొంతు.

తనిఖీ అయ్యాక ఆమె నన్ను పక్కకు పిలిచి మాట్లాడింది. "మేము మనుషులను పరీక్షించం. పద్ధతి ఉందా లేదా అన్నదే చూస్తాం. మీరు ఫిర్యాదు చేశారు. అది నమోదైంది. కమిటీలో చర్చకు వచ్చింది. సాక్షులను పిలిచాం. అంటే పద్ధతి పనిచేస్తోంది. మీ ఫిర్యాదును నివేదికలో మంచి ఉదాహరణగా రాస్తున్నాను" అంది. నిజాయితీగానే అంది. మనసు నొచ్చుకోకూడదని కూడా అన్నట్టుంది. ఒక లోపం మాత్రం రాసింది. తెలుగు ఫారంలో మధ్య మాట మార్చి సాధారణం అని పెట్టాలని. నేను ఆ ఆఫీసులో ఏదైనా మార్చానంటే అది ఒక్కటే.

ఆ వారంలోనే అక్కకు ఉత్తరం వచ్చింది. గడువు తేదీకి ముందు నుంచీ అదే స్థలంలో వ్యాపారం చేస్తున్నట్టు రాతపూర్వక ఆధారం లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. ఆ వీధిలో అలాంటి ఆధారం ఒక్కరి దగ్గరా లేదు. నేల మీద కూర్చున్నందుకు ఎవరు రసీదు ఇస్తారు? అధికారి దగ్గరకు పరుగెత్తాను.

"మిగతావాళ్ళను అడిగినారా ఈ ఆధారం?"

"చూడండి మేష్ట్రే" అన్నాడు, టీ కప్పు నా వైపు జరుపుతూ. "వాళ్ళ సంగతి వేరే. మీరు కమిటీ మెంబరు. మీ అక్క ఫైలు మీద బయటోళ్ళ కన్ను ఉండాది. దాన్ని మేము ఒక్క రూలూ తప్పకుండా చేయాల. మీరే కదా నేర్పించినారు?"

ఆ ఆఫీసులో పూర్తిగా ప్రమాణం ప్రకారం నడిచిన ఫైలు మా అక్కది ఒక్కటే.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. మర్నాడు నేను జెరాక్స్ అంగడికి వెళ్ళాను. ఎవరూ లేని సమయం చూసుకుని, మడిచిన కాగితం కవరు గాజు బల్ల మీద పెట్టాను. ఎలా మాట్లాడాలో కూడా తెలియలేదు. చదివిన పుస్తకాలు వేటిలోనూ అది లేదు.

అతను కవరును తాకలేదు. స్కేలుతో నా వైపు నెట్టాడు.

"బేడన్నా, వద్దు. మీ దగ్గర బేడ."

"అందరి దగ్గరా తీసుకుంటావు కదప్పా."

"అందరూ వేరే, మీరు వేరే. మీరు ఇస్తే అది కంప్లైంటో ఏమో ఎవరికి తెలుసు? లోపల చెప్పేసినారు, ఆయనది, ఆయన సంబంధం ఉండేవాళ్ళది ముట్టుకోవద్దని. నా పొట్ట మీద కొట్టద్దన్నా, దండం పెడతా."

నిజంగానే దండం పెట్టాడు. నేను కవరు జేబులో పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. నిజాయితీగా ఉండమని నన్ను బలవంతపెట్టిన ఒకే ఒక్క చోటు అది.

మందుల షాపు మెట్ల పక్క చదరం ఫోన్ల కవర్లు అమ్మేవాడికి వెళ్ళింది. మొదటి రోజు అక్క అలవాటు కొద్దీ గోనెసంచులు పట్టుకుని అక్కడి దాకా పోయి, వాడు రంగు గీత చూపిస్తే తిరిగి వచ్చిందట. కొన్నాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. మోకాళ్ళు సహకరించక బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమడానికి కుదిరింది. పోను రాను రెండు బస్సులు. బావకు మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్ళు లేరు. నేను వెళ్ళి కూర్చుంటే, ఆమె ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనేది కాదు. ఒక్కసారి మాత్రం అంది.

"చదివినదాంట్లో తప్పేమీ లేదురా. వాళ్ళు చదవలేదు, అంతే."

నన్ను ఓదార్చడానికి అంది. వాళ్ళు చదివారక్కా, నాకంటే బాగా చదివారు అని చెప్పలేకపోయాను.

మళ్ళీ దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసినప్పుడు ఆమె నాకు చెప్పలేదు. పూలమ్మే ఆమెను తోడు తీసుకుని వెళ్ళింది. ఇంటి చిరునామా ఆమెదే ఇచ్చింది. జెరాక్స్ అంగడాయన అనుమానంగా అడిగాడట, ఆ కమిటీ ఆయన మీకు తమ్ముడు కదా అని. అక్క తడుముకోలేదట.

"ఎవురు? ఆయప్ప మా ఊరి పక్క. సంబంధమేమీ లేదు."

నిజం అతనికి తెలుసు. అయినా చెవికి అలా వినబడితే చాలు. కార్డు పదిహేను రోజుల్లో వచ్చింది. చదరం మాత్రం మార్కెట్ వెనక, లారీలు తిరిగే చోట, మురుగు మోరీ పక్కన ఇచ్చారు. గిరాకీ అటు రాదు. ఇంతకు ముందు పొద్దున్నే అయిపోయే కట్టలు అక్కడ సాయంత్రానికి వాడిపోతాయి. అయినా ఆమె మొదటి వారం మా ఇంటికి వచ్చి కార్డు చూపించింది, ఫొటోలో తన ముఖం నల్లగా పడిందని నవ్వింది. వెళ్ళేముందు గడప దగ్గర ఆగింది.

"నీకు సొప్పు కావాలంటే నేనే తెచ్చిస్తా. నువ్వు ఆడికి రావద్దప్పా. చూసినోళ్ళు చెప్తారు."

నేను కమిటీకి రాజీనామా రాసి ఇచ్చాను. దాన్ని తీసుకున్నట్టు ముద్ర వేసి, పుస్తకంలో ఎక్కించారు. అయినా ఆ వీధిలో నేను కమిటీ ఆయననే.

మొన్నొక సాయంత్రం మడివాళలో బస్సు దిగి, ఏదో ఆలోచనలో నడుస్తూ, తెలియకుండానే మార్కెట్ వెనక వీధిలోకి పోయాను. మోరీ పక్కన అక్క కట్టల మీద నీళ్ళు చిలకరిస్తోంది. ఆమె ముందు జెరాక్స్ అంగడాయన వంగి కొత్తిమీర వాసన చూస్తున్నాడు. తిరిగిపోదామంటే అప్పటికే అతను తలెత్తి నన్ను చూశాడు. అక్క కూడా చూసింది. ఆమె చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నీళ్ళు చల్లింది.

"ఏం కావాలన్నా?" అని అడిగింది, వచ్చిపోయే బేరాలను అడిగే గొంతుతో.

నన్ను చంకనెత్తుకుని తిరిగిన మనిషి. పాలకూర ఒక కట్ట అడిగాను. ఇచ్చింది. ధర చెప్పింది. చిల్లర నా చేతిలో పడేలా, వేళ్ళు తగలకుండా పెట్టి, పక్కకు తిరిగి అతనికి కొత్తిమీర చుట్టసాగింది.